తుప్పు కింద బతికున్న బండి

1947లో మొదలైన షెవ్రొలే 3100 పికప్‌లు అమెరికా పల్లెల్లోని పాత కొట్టాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. వాటిని తండ్రీబిడ్డలు కలిసి బాగుచేసుకోవడంలో ఎంతో గొప్ప పనితనం ఉంది. తొలి తరం బండిలో దాపరికం లేదు: వరసగా ఆరు సిలిండర్లు, 6 వోల్టుల బ్యాటరీ, తొట్టి అడుగున చెక్క పలకలు, వాటి మధ్య ఇనుప పట్టీలు. బిగుసుకుపోయిన బోల్టుకు నూనె పట్టించి, కాస్త వేడిచేసి, ఓపిగ్గా వదులుచేయాలి. తుప్పు తిన్న రేకును గట్టి ఇనుము తగిలేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. సొట్టకు వెనక దిమ్మ ఆనించి, ముందు సుత్తితో తట్టాలి. దెబ్బ ఎక్కువైతే రేకు సాగిపోతుంది. ఎంత తట్టాలో బిడ్డ తండ్రి చేతిని చూసే నేర్చుకోవాలి. పారేసి కొత్తది కొనడం తేలికైన ఈ కాలంలో, ఉన్నదాన్ని నిలబెట్టుకునే ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.