కమాను పట్టీకి పాయనం

హైదరాబాదు నుంచి దక్షిణానికి పోయే లారీలు 44వ జాతీయ రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కుతాయి. ఎర్రవల్లి, ఆలంపూర్ చౌరస్తాలు దాటితే తుంగభద్ర, ఆ అవతల కర్నూలు. ఈ దారిలో ఎక్కడో బరువుకు తాళలేక ఒక లారీ కమాను పట్టీ విరుగుతుంది. మెకానిక్ కొత్త పట్టీ బిగించి, విరిగినదాన్ని షెడ్డు మూలకు విసిరేస్తాడు. అది కిలోల లెక్కన పాత ఇనుము దుకాణానికి చేరుతుంది. లారీకి దాని ఆయుష్షు తీరినట్టే. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పల్లెల కొలిమికి మాత్రం అది అప్పుడే దొరికిన సొత్తు.

కమ్మరి దాన్ని ఊరికే ఏరుకోడు. ఇల్లు కట్టడానికి వాడే కడ్డీ ఇనుములో కర్బనం సాధారణంగా నూటికి పావు వంతు కూడా ఉండదు. కమాను పట్టీలో అది నూటికి అర వంతు పైనే ఉంటుంది, దానికి సిలికానో, క్రోమియమో, మాంగనీసో తోడు ఉంటుంది. ఆ కొద్దిపాటి తేడాయే ఇనుమును ఉక్కు చేస్తుంది. ఎర్రగా కాల్చి ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కడ్డీ ఇనుము ఎంత కాల్చి ముంచినా మెత్తగానే ఉంటుంది. స్లాబుకు వాడిన సలాక ముక్కతో కొడవలి కొట్టించుకున్న రైతు నాలుగు సాళ్లు కోయకముందే మళ్లీ ఆకురాయి వెతుక్కోవడం ఇందుకే.

కుప్పలో ఏది ఉక్కో తెలుసుకునే పద్ధతులు రెండు. ముక్కను సాన చక్రానికి ఆనిస్తే, మెత్తని ఇనుము నిప్పురవ్వలు పొడుగ్గా, పెద్దగా చీలకుండా జారిపోతాయి. ఉక్కు రవ్వలు కొసన పగిలి చిన్న చిన్న నక్షత్రాలవుతాయి. కర్బనం పెరిగేకొద్దీ ఆ పూలు గుబురవుతాయి. రెండోది ఇంకా పాతది. కొస కాల్చి నీళ్లలో ముంచి ఆకురాయి పెట్టి చూడాలి. ఆకురాయి కొరికితే ఇనుము, గాజు మీద జారినట్టు జారితే ఉక్కు. బేరింగు గుండ్లలో, అరిగిన ఆకురాళ్లలో కర్బనం నూటికి ఒక వంతు దాకా ఉంటుంది. అవి చిన్న కత్తులకు బాగుంటాయి కానీ గొడ్డలికి పనికిరావు, దెబ్బకు పెళుసుగా ఊడతాయి. దెబ్బను ఓర్చుకోవడమూ, పదును నిలుపుకోవడమూ రెండూ కావాలంటే కమాను పట్టీకి సాటి వచ్చే పాత సామాను తక్కువ.

ఒక లెక్క చూడండి. మీటరు పొడవు, 75 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ సుమారు 6 కిలోలు తూగుతుంది. కాల్చేటప్పుడు పొట్టులా రాలేది పోను, పావు కిలో కొడవళ్లు ఇరవై దాకా సాగుతాయి. పాత ఇనుము ధర, బొగ్గులు, ఒక మనిషి చెమట. పొదుపు ఇక్కడే కనిపిస్తుంది. కానీ పొదుపు ఒక్కటే అయితే ఈ విద్యను గురించి ఇంత రాయాల్సిన పని లేదు.

పట్టీ ముందే గట్టిపడి వచ్చింది కాబట్టి దాన్ని మొదట మెత్తబరచాలి. ఎర్రగా కాల్చి బూడిదలో కప్పి, రాత్రంతా నెమ్మదిగా చల్లారనిస్తారు. తెల్లారి మళ్లీ కాల్చి వంపు తీసి, వేడి మీదే ఉలితో తెగ్గొడతారు. కమ్మరి పట్టకారుతో ముక్కను దాగలి మీద తిప్పుతూ చిన్న సుత్తెతో చోటు చూపిస్తాడు, ఎదురుగా నిలబడ్డ మనిషి అదే చోట సమ్మెట దించుతాడు. మాటల్లేవు. సుత్తె దాగలిని ఖాళీగా తాకిందంటే ఆపమని అర్థం. ఎరుపు తగ్గి నల్లబడ్డాక కొట్టిన ప్రతి దెబ్బా లోపల పగుళ్లు విత్తుతుంది. తెల్లబడేదాకా కాలిస్తే ఉక్కులోని కర్బనం మండిపోతుంది. ఈ రెండు హద్దుల మధ్య దొరికే కొద్ది క్షణాలే పని.

గొడ్డలికి పాత పద్ధతి మరొకటి ఉంది. ఒళ్లంతా మెత్తని ఇనుమే. దాన్ని కామ దూరేలా మడిచి, నోటి దగ్గర మాత్రం ఉక్కు ముక్క ఇరికిస్తారు. అతుకు దగ్గర వెలిగారమో సన్న ఇసుకో చల్లి, మైనంలా మెరిసేదాకా కాల్చి ఒక్క ఊపులో కొట్టి కలిపేస్తారు. దెబ్బను మింగడానికి ఇనుము, కోయడానికి ఉక్కు. పూర్వం ఉక్కు ఖరీదైన వస్తువు. అందుకే అవసరమైన చోట మాత్రమే చిటికెడు వాడేవారు. ఇంతకంటే తెలివైన పొదుపు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఇక పాయనం, అంటే కాల్చి ముంచి అంచును గట్టిపరచే పని. కొలిమి పని అంతా ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. కత్తిని ఎంత అందంగా సాగదీసినా పాయనం తప్పితే అది రేకు ముక్కే. ఉక్కు చెర్రీ పండు రంగుకు వచ్చేసరికి అయస్కాంతం దాన్ని పట్టదు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము ఆ గుణాన్ని వదిలేస్తుంది. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి గోడకు వేలాడదీసుకుంటే కొత్తగా నేర్చేవాడికి అదే గురువు. అక్కడి నుంచి ఇంకొంచెం కాల్చి, అంచును మాత్రం రెండు వేళ్ల మేర ముంచాలి. మొత్తం ముంచితే గొడ్డలి గాజయిపోతుంది, నీళ్లలోనే టప్పుమని చీలినా చీలుతుంది. అంచు చప్పబడగానే పైకి తీసి, ఇసుక రాయితో నల్ల పొర గీకి మెరిపించి, ఇక కన్నార్పకుండా చూడాలి. వీపులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు నడిచి వస్తుంది. మెరిపించిన చోట రంగులు వరుసగా బయలుదేరతాయి. మొదట ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఆపైన వంకాయ రంగు, చివరికి నీలం. 220 డిగ్రీల దగ్గర మొదలైన పసుపు 300 దగ్గరికి వచ్చేసరికి నీలమవుతుంది. కోత కత్తికి పసుపులో ఆపాలి. గొడ్డలికి వంకాయ రంగు. రాయి కొట్టే ఉలికి పసుపు ముదిరి గోధుమ తిరిగేచోట. అనుకున్న రంగు అంచుకు చేరిన క్షణాన మళ్లీ ముంచాలి. ఒక్క ఊపిరి ఆలస్యమైతే పని మొదటికొస్తుంది.

నీళ్లా, నూనా అన్న ప్రశ్న ఒకటుంది. కమాను పట్టీ నూనె కోసం పుట్టిన ఉక్కు, నీళ్లలో దానికి పగులు భయం ఎక్కువ. చాలామంది కాలిన ఇంజను నూనె వాడతారు, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. వేరుశనగ నూనె అంతకంటే మేలు. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎర్ర చెల్కల్లో పండే పంటే కొలిమికి పనికిరావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఆ చెల్కలోనే మరో పాఠం ఉంది. ఎర్ర నేలలో రాతి రవ్వ ఎక్కువ, గుంటక పాసను అది ఆకురాయిలా తినేస్తుంది. కాయ తీసే కాలానికి నేల గట్టిపడితే పాస నోరు ఇంకా త్వరగా మొద్దుబారుతుంది. అందుకే అక్కడ ముందుగా ఉక్కు గట్టిదనం చూసుకోవాలి. ఆలంపూర్ వైపు నల్లరేగడిలో బాధ వేరు. మట్టి అంటుకుంటుంది. అక్కడ పాసను అద్దంలా సాన పెట్టాలి, వాలు కొంచెం మార్చాలి. దుకాణంలో వేలాడే పాసకు ఈ రెండు నేలల తేడా తెలియదు. రైతు తన అరిగిన పాసను కమ్మరి ముందు పెట్టినప్పుడు, ఎటు వైపు ఎక్కువ అరిగిందో చూసి కమ్మరి అతని చేనును చదువుతాడు.

నల్లమల వైపు పోతే, అమ్రాబాద్ అడవుల్లో చెంచులకు గడ్డలు తవ్వే కర్ర కొసన ఇనుప మొన ఉండేది. 1943లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద అచ్చువేసిన పుస్తకంలో వాళ్ల వస్తువులు బహు తక్కువ. ఆ తక్కువలో ఇనుముకు పెద్ద పీట. దేశమంతా ఆనకట్టలు, కాలువలు తవ్విన పాలమూరు కూలీలకూ అంతే, గడ్డపారకు మొన ఉంటేనే ఆ రోజు కూలి.

ఇది మన దేశానికి చిన్న వారసత్వం కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అక్కడి పద్ధతిని వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు రాసిపెట్టగా, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఆ ఉక్కును ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అన్నారు. ఆ మాట మన 'ఉక్కు' నుంచే పుట్టిందని పండితుల అభిప్రాయం. ఆ మూసలు పోయాయి. రంగు చూసి వేడి చెప్పే కన్ను మాత్రం పల్లె కొలిమిలో మిగిలింది.

ఇప్పుడు ఆ కొలిమి పక్కనా, రైతు ఇంటి వసారాలోనూ వెల్డింగు మిషను, గ్రైండరు వచ్చాయి. మంచిదే. కానీ మూడు తప్పులు చాలాచోట్ల జరుగుతున్నాయి. గ్రైండరుతో పదును పెడుతూ అంచును నీలం తిరగనిస్తున్నారు. పాయనం అక్కడే పోయింది, ఆ మేర అరగదీసేస్తే తప్ప కొడవలి నిలవదు. కమాను పట్టీని చల్లగా ఉండగానే వెల్డు చేస్తున్నారు. అతుకు పక్కన ఉక్కు గాజులా మారి రెండో రోజు విరుగుతుంది. ముందు వేడి చేసి, అతికాక బూడిదలో చల్లారనిస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. మూడోది ప్రాణాల మీదికి తెచ్చేది. మూసి ఉన్న షాకబ్జర్లు, గ్యాసు డబ్బాలు, జస్తా పూత ఉన్న పైపులు కొలిమిలో పెట్టకూడదు. మొదటి రెండూ పేలతాయి, జస్తా పొగ జ్వరం తెస్తుంది.

వనపర్తి రాజుల కోటలో 1959 నుంచి కె.డి.ఆర్. పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడి పిల్లలు కర్బనం శాతాలు, వేడి లెక్కలు చదువుతారు. కొన్ని మైళ్ల దూరంలో ఆ లెక్కల్ని కంటితో చదివే మనుషులున్నారు. ఇద్దరూ ఒక్క వారం ఒక్క దాగలి దగ్గర కూర్చుంటే ఎవరికీ నష్టం లేదు. పట్టీ ఏ రకం ఉక్కో, ఏ నూనెలో ఎంతసేపో ఒక పేజీలో రాసుకోవచ్చు. ఒకప్పుడు పంటలో మేర కొలిచి ఇచ్చే ఊరు కమ్మరిని నిలబెట్టింది, ఇప్పుడు ఆ మేర లేదు. కాబట్టి విద్యకు వేరే ఊతం వెతకాల్సిందే.

మిరుగం దగ్గర పడితే కొలిమి ముందు ఇంకా గుంపు కడతారు. కర్రు, పాస, గడ్డపార, కొడవలి వరుసగా నేల మీద పడి ఉంటాయి. కొట్టం లోపల మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది. కొత్తవాళ్లు తడికె తీస్తే వెలుగొస్తుంది కదా అంటారు. ఎండలో కాలిన ఇనుము రంగు కనబడదు, కళ్లను మోసం చేస్తుంది. నీడలోనే ఎరుపుకూ నారింజకూ తేడా తెలుస్తుంది. అందుకే తిత్తి తిప్పే పిల్లాణ్ణి ముందు చీకటి మూలన కూర్చోబెడతారు.

"ఏం రంగున్నది చెప్పు?"

"పసుపు, తాతా."

"ఇంకా చూడు."

వాడు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగుతాడు.