గాలిలో పుట్టే నీలం

తొట్టిలోంచి తీసిన గుడ్డ నీలంగా ఉండదు. కాస్త పసుపు తిరిగిన ఆకుపచ్చగా ఉంటుంది. పిండి, విప్పి, గాలికి పట్టుకుంటే అంచుల దగ్గర రంగు మారడం మొదలవుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఆ పచ్చదనం పోయి గుడ్డంతా నీలం పరుచుకుంటుంది. జపాన్ యాత్రకు వెళ్లినవాళ్లు కిమోనో కట్టుకుని ఫొటో దిగుతారు, టీ గిన్నెను రెండు చేతులా అందుకుంటారు. వాటికి వంక పెట్టను. కానీ ఒక రోజు చేతిలో ఉంటే షికోకు దీవిలోని తొకుషిమాకు వెళ్లి, ఒక చేతిరుమాలు మీ చేత్తోనే అద్దుకుని రండి అంటాను. ఆ అద్దకాన్ని ఐజొమె అంటారు. 'ఐ' అంటే నీలి, 'సొమె' అంటే అద్దకం.

నది పొగరుకు తగ్గ పంట

ఒసాకాలో బస్సెక్కి, సముద్రం మీది పెద్ద వంతెనలు రెండు దాటితే సుమారు రెండున్నర గంటల్లో తొకుషిమా వస్తుంది. ఈ ప్రాంతం పాత పేరు అవా. ఇక్కడ పారే యొషినో నదిని 'షికోకు సబురో' అంటారు. సబురో అంటే మూడో కొడుకు. దేశంలోకెల్లా మొండి నదులు మూడింటిని అన్నదమ్ములుగా లెక్కగట్టి, దీన్ని కడగొట్టువాణ్ని చేశారు. గట్లు సరిగా లేని రోజుల్లో తుఫాన్ల కాలం రాగానే నది పొంగి, ఇంకా కోతకు రాని వరిని ఊడ్చుకుపోయేది. నీలి మొక్కను మాత్రం ఆ తుఫాన్లు ముదరకముందే, నడివేసవిలో కోసేయొచ్చు. పైగా ఇది నేల సారం పీల్చేసే పంట. వరద వదిలివెళ్లిన ఒండ్రు ఆ లోటు పూడ్చేది.

ఎడో యుగంలో (1603–1868) ఇక్కడి హచిసుకా ప్రభువులు ఈ పంటను పెంచి పోషించారు. సామాన్యులు పట్టు, మెరిసే రంగులు తొడగకూడదని కట్టడి ఉన్న కాలం అది. నూలుకు గట్టిగా పట్టే నీలి రైతుల పనిబట్టలకు, అంగళ్ల ముందు వేలాడే తెరలకు, మంటలార్పేవాళ్ల కోట్లకు ఎక్కింది. సమురాయిలకు ఇష్టమైన నలుపు తిరిగిన నీలాన్ని 'కచి' అంటారు. పలికితే అదే మాటకు 'గెలుపు' అనీ అర్థం. 1870ల్లో జపాన్ వచ్చిన బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ విలియం అట్కిన్సన్ ఎక్కడ చూసినా ఈ రంగే కనిపించడంతో దాన్ని 'జపాన్ బ్లూ' అన్నాడు.

ఆకుకు పక్క వేసి, దుప్పటి కప్పి

మన నీలి, వాళ్ల నీలి ఒకే మొక్క కాదు. మనది చిక్కుడు కుటుంబానికి చెందిన పొద. వాళ్లది తడి నేలల్లో పెరిగే వేరే జాతి మొక్క, పేరు తదెఐ. రెండింటి ఆకుల్లోంచి వచ్చే రంగు పదార్థం మాత్రం ఒకటే. దాన్ని రాబట్టే తీరులో తేడా ఉంది. ఒకప్పుడు కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాల్లో కోసిన కొమ్మలను తొట్లలో నానబెట్టి, ఆ నీటిని బాగా చిలికి, అడుగున పేరుకున్న మడ్డిని ఆరబెట్టి బిళ్లలు కోసేవారు. అవాలో ఆకునే మాగబెడతారు.

మార్చిలో నారు పోస్తారు, వేసవిలో కోస్తారు. సన్నగా తరిగి, ఎండబెట్టి, కాడల నుంచి ఆకును వేరుచేస్తారు. సెప్టెంబరులో ఆ ఎండాకును మట్టినేల కొట్టంలో కుప్పపోసి నీళ్లు చల్లుతారు. ఆ కొట్టాన్ని 'నెదొకొ' అంటారు, అంటే పడక. కుప్ప మీద కప్పే గడ్డి చాపలు 'ఫుతోన్', అంటే పరుపు. నాలుగైదు రోజులకోసారి కుప్పను తిరగేసి మళ్లీ నీళ్లు పెడతారు. ఇలా ఇరవైకి పైగా సార్లు. లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఘాటుకు కళ్లు మండుతాయి, పశువుల కొట్టం గుర్తొస్తుంది. ఏ రోజు ఎన్ని నీళ్లు పట్టాలో చెప్పడానికి 'మిజుషి' అనే పనివాడు ప్రత్యేకంగా ఉండేవాడు. నీళ్లు ఎక్కువైతే కుప్ప కుళ్లుతుంది, తక్కువైతే మాగదు. సుమారు వంద రోజులకు నల్లమట్టిలాంటి 'సుకుమొ' తయారవుతుంది.

ఇంత చేసినా అది ఇంకా రంగు వేయదు. సుకుమొలోని నీలి నీటిలో కరగదు, కరగనిది నూలులోకి దిగదు. అందుకని సుకుమొను బానలో వేసి, కట్టెల బూడిద తేట, సున్నం, గోధుమ తవుడు కలుపుతారు. కొందరు సాకే మద్యం కూడా పోస్తారు. తవుడు తిని బతికే సూక్ష్మజీవులు నీలిలోని ఆక్సిజన్ ప్రభావాన్ని తీసేసి దాన్ని కరిగే రూపానికి మారుస్తాయి. వారం పది రోజులకు బాన మీద ఊదా మెరుపుతో నీలి నురుగు పొంగుతుంది. అద్దకందారులు దాన్ని 'నీలి పువ్వు' అంటారు. పువ్వు విచ్చుకుంటే బాన పనికొచ్చినట్టు. ఎక్కువ గుడ్డలు ముంచితే బాన అలిసిపోతుంది. మళ్లీ తవుడు పెట్టి, విశ్రాంతి ఇవ్వాలి.

మీ వంతు

తొకుషిమా పక్కనే ఉన్న ఐజుమి పట్టణంలో 'ఐ నొ యకత' అనే మ్యూజియం ఉంది. ఒకప్పటి నీలి వర్తకుల లోగిలి అది. అక్కడ మీరే అద్దుకోవచ్చు. ముందు రుమాలును మడతపెట్టో, ముడివేసో, చెక్కల మధ్య బిగించో తెలుపు మిగలాల్సిన చోటును కాపాడుకోవాలి. తర్వాత మామూలు నీళ్లలో తడపాలి. పొడి గుడ్డ ముంచితే రంగు మచ్చలుగా పడుతుంది. బానలో ముంచేటప్పుడు నెమ్మదిగా, బుడగలు రాకుండా ముంచాలి. లోపలికి గాలి పోతే నీలి అక్కడే మళ్లీ కరగని రూపానికి మారిపోతుంది. పైకి తీశాక మాత్రం గాలే కావాలి. చాలాసేపు నానబెడితే రంగు ముదరదు. ముంచి, తీసి, గాలికి పట్టి, మళ్లీ ముంచాలి. ప్రతి మునకా ఒక పొర.

ఈ పొరల లెక్కకు పేర్లున్నాయి. ఒకే ఒక్క మునకతో వచ్చే లేత రంగు 'కమెనొజొకి', అంటే బానలోకి తొంగిచూడటం. దాని తర్వాత అసగి, హనద, ఐ, కోన్, చివరికి కచి. మొత్తం నలభై ఎనిమిది ఛాయలని చెప్పుకుంటారు.

అన్ని శిక్షణశాలల్లోనూ పులియబెట్టిన బానే ఉండదు. రసాయనంతో క్షణాల్లో రంగు విప్పే చోట్లు కూడా ఉన్నాయి. తప్పేమీ లేదు, కానీ అడిగి తెలుసుకోండి. పాత బట్టలు వేసుకోండి. చేతి తొడుగు చిరిగితే గోళ్ల నీలం కొన్నాళ్లు వదలదు.

రెండు దేశాల అబద్ధం

1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని మార్కెట్‌కు తెచ్చింది. ఆ దెబ్బకు మన తొట్లు ఎండిపోయాయి, వాళ్ల పడకలు ఖాళీ అయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తిండిపంటలే వేయాలన్న ఆంక్షతో అవాలో నీలి సాగే నిలిచిపోయింది. ఈ విత్తనం ఏడాది దాటితే సరిగా మొలవదు. ఏటా ఎవరో ఒకరు వేయకపోతే జాతే పోయేది. చాటుగా కొద్దిపాటి మొక్కలు పెంచి విత్తనం నిలిపినవాళ్ల వల్లే ఈ రోజు ఆ బానలో రంగు ఉంది.

జపనీయుల్లో ఒక సామెత ఉంది: 'నీలి అద్దకందారు ఎల్లుండి'. బట్ట ఎప్పుడిస్తావంటే ఎల్లుండి అంటాడు. ఆ ఎల్లుండి రాదు. వాన పడితే ఆరదు, బాన అలిగితే రంగు పట్టదు, ఆయన మాత్రం ఏం చేస్తాడు? మనకు 'నీలివార్త' అనే మాట ఉంది. బానలో నీలి కుదరకపోతే అద్దకంవాళ్లు ఏదో ఒక పుకారు పుట్టించేవారనీ, అలా చేస్తే రంగు కుదురుతుందని నమ్మేవారనీ, మాట అలా వచ్చిందనీ చెబుతారు. అక్కడా ఇక్కడా అబద్ధాలకోరు పేరు అద్దకందారుకే వచ్చింది. మనిషి చెప్పిన వేళకు పండని పనిని చేపట్టినందుకు పడిన నింద అది.

మీ రుమాలు మాత్రం గంటలో చేతికొస్తుంది. మీకోసం ఆ ఎల్లుండిలన్నీ ఎవరో ముందే కాచుకుని పెట్టారు మరి.