ఆంగ్లవాక్యమునఁ గుండలీకరణము

ఒక వాక్యము నడుమ వేఱొక వాక్యము చొచ్చుటను మమ్మటాదు లాలంకారికులు గర్భితమను వాక్యదోషముగా గణించిరి. ఆంగ్లేయు లా చొచ్చినదానినే రెండు వక్రరేఖల నడుమ నిలిపి నిర్దోషముగాఁ జేసికొనిరి. 16వ శతాబ్దమునం దెరాస్మసు పండితుఁ డీ రేఖల యాకృతినిబట్టి వానికి లాటినున చంద్రవంక యను నర్థముగల 'లూనులా' యను పేరిడెను. దోష మెట్లు తొలఁగినది? గర్భితమున దూష్యము అర్థప్రతీతికిఁ గలుగు విచ్ఛేదము. ఎల్లలు కంటికిఁ గానవచ్చినచోఁ జదువరి లోపలిదానిని దాఁటి వెలుపలిదాని నన్వయించుకొనఁగలఁడు.

కావున నీ చిహ్నమునకుఁ బరీక్ష యొక్కటియే. కుండలితభాగమును దీసివైచినను మిగిలినదాని యాకాంక్ష తీఱవలెను. క్రియ వెలుపలి కర్తనే యనుసరింపవలెను. 'రాజు (మంత్రులును) వచ్చె' నను నర్థమున నాంగ్లక్రియ యేకవచనాంతము. కుండలులు తీసి సముచ్చయముగా వ్రాసినచో బహువచనాంతము. సహార్థమునఁ దృతీయ యప్రధానమునకే వచ్చునని పాణినీయమునఁ జదివినవారి కిది క్రొత్త గాదు. అచట విభక్తి చేయు పనిని నిచట గీఁత చేయుచున్నది. అయినను బడిపిల్లల యాంగ్లవ్యాసములలోఁ గ్రియ లోపలి బహుత్వమునకు లొంగిపోవుట తఱచు.

పూర్ణవిరామవిషయము స్వల్పము. కుండలితము స్వతంత్రవాక్యమైన బిందువు లోపల, వాక్యైకదేశమైన వెలుపల.

చతురస్రకుండలి సంగతి వేఱు. (బ్రాకెట్టన్న నింగ్లాండున వర్తులమే తోఁచును, అమెరికాలోఁ జతురస్రము.) వర్తులమునం దున్నది గ్రంథకర్త మాట; ఉదాహృతవాక్యమునఁ జతురస్రమునం దున్నది యుదాహరించువాఁడు చేర్చినది. ఈ భేదము చెడినచో నే మాట యెవరిదో తెలియదు. తెలుఁగుగ్రంథముల ముద్రణములు కొన్నింటఁ దాళపత్రమున శిథిలమైన యక్షరములకుఁ బరిష్కర్త చేసిన యూహయు, ప్రతిలో నుండియు సందిగ్ధమైన పాఠమును, నర్థవివరణమును నొక్క వర్తులముననే పడియున్నవి. పిమ్మట మఱియొకఁ డా ముద్రణమునే మాతృకగాఁ గొని కుండలులు విడిచి యచ్చు వేయించును. ఊహ కవిప్రయోగమగును, నిఘంటువున కెక్కును, దానిపై వ్యాకరణచర్చయుఁ బుట్టును! గ్రీకు లాటిను శాసనములను, పపైరసు లేఖలను బరిశోధించువారు 1931లో లైడెను నగరమున సమావేశమై, నష్టాక్షరపూరణమునకుఁ జతురస్రమును, సంక్షేపవిస్తరణమునకు వర్తులమును, లేఖకుఁడు విడిచినదానికిఁ గోణకుండలిని వేర్వేఱుగా నియమించుకొనుట యీ భయముచేతనే.

చతురస్రపుటచ్చులు కొఱవడినవను సాకు సీసపుటచ్చుల కాలమునఁ గొంత యొప్పఁదగినదే. కంప్యూటరున నక్షరములు కూర్చు నేఁడు రెండువిధములును నొక్క కీబోర్డుమీఁదనే యున్నవి.