నూనూగు మీసాలకి కాల్షీట్లు లేవు

మా అక్క కూతురు ఎనిమిదేళ్లప్పుడు ఒక షార్ట్ ఫిల్మ్‌లో నటించింది. రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద రెండు రోజుల షూటింగు. తీసింది అక్కావాళ్ల వీధిలో కుర్రాళ్లే. ఇప్పుడు దానికి పదమూడు. పొడుగైంది, పళ్లకి క్లిప్పు పెట్టించారు, బుగ్గల మీద మొటిమలొచ్చాయి. మొన్న సంక్రాంతికి వచ్చిన చుట్టాలు టీవీలో ఆ ఫిల్మ్ పెట్టించుకుని చూశారు. తర్వాత పక్కనే కూర్చున్న పిల్లని చూసి "అప్పుడెంత ముద్దుగా ఉండేదో!" అన్నారు. ఒకరు కాదు, వరసగా నలుగురు. అది లేచి లోపలికెళ్లి తలుపేసుకుంది. ఐదోవాణ్ని నేనే అయ్యేవాణ్ని, మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

యూట్యూబ్‌లో "ఈ బుడ్డోడు ఇప్పుడెలా ఉన్నాడో చూస్తే షాకవుతారు" లాంటి వీడియోలు చూడనివాళ్లు లేరు. ఎడమ పక్కన బూరెబుగ్గల ఫొటో, కుడి పక్కన గడ్డం ఫొటో, మధ్యలో ఓ ఎర్ర బాణం. మా ఉద్యోగంలోనూ రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి తేడా చూస్తాం. కాకపోతే మాకు మధ్యలో జరిగిన ప్రతి చిన్న మార్పుకీ ఒక లాగ్ ఉంటుంది. తెలుగు సినిమాలో ఆ లాగ్ ఉండదు. గొంతు బొంగురుపోయిన కుర్రాడూ, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని అమ్మాయీ తెర మీద దాదాపు కనపడరు. ఆ కొన్నేళ్లని మనవాళ్లు దాచేస్తారు, లేదా మీద ఏదో ఒకటి కప్పేస్తారు.

ఈ కప్పేయడం మన గోదావరి పిల్లలతోనే మొదలైందనుకోవచ్చు. 1936లో సి. పుల్లయ్య అందరూ పిల్లలతోనే 'సతీ అనసూయ' తీశారు. టైటిల్ పాత్ర వేసింది పశ్చిమ గోదావరికి చెందిన కృష్ణవేణి. అప్పటికి ఆమెకి పన్నెండేళ్లు నిండలేదు. త్రిమూర్తుల్ని పసిపాపలుగా మార్చేసిన పతివ్రత కథ అది. పెద్దవాళ్లు పిల్లలైపోయే కథలో పసిపిల్ల పెద్ద ముత్తయిదువయింది! అదే ఏడాది రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారి దుర్గా సినీటోన్ తీసిన 'సంపూర్ణ రామాయణం'లో పెంటపాడు పిల్ల పుష్పవల్లి బాల సీత. 1942లో 'బాలనాగమ్మ' వచ్చేసరికి ఆ బాల సీతే మాయలమరాఠీ గుహలో సంగు. సీత నుంచి సంగుకి ఆరేళ్లు. పదహారేళ్ల పిల్లకి అది వయసుకి మించిన పాత్ర. కానీ ఆ గాజుల మోతలో, ఆ నగల బరువులో వయసు గురించి ఎవరడుగుతారు? ఆమె కూతురు భానురేఖ 1966లో 'రంగుల రాట్నం'లో చిన్నపిల్లగా కనిపించింది, 1970కల్లా హిందీలో హీరోయిన్. తల్లికి ఆరేళ్లయినా దొరికాయి, రేఖకి నాలుగే.

శ్రీదేవి సంగతి అందరూ చెప్పేదే. 'బడిపంతులు'లో (1972) ఎన్టీఆర్ మనవరాలు, 'వేటగాడు'లో (1979) ఎన్టీఆర్ జోడీ. ఇది మన ఇళ్లలో సరదా ముచ్చటగా చెలామణి అయిపోయింది. నాకు మాత్రం ఆ రెండు మొహాల లెక్క వేరేగా కనిపిస్తుంది. యాభై ఆరేళ్ల హీరో మొహంలోంచి వయసు తీసేయాలి. పదహారు నిండని హీరోయిన్ మొహానికి వయసు పూయాలి. మేకప్ పెట్టె ఒకటే, పనులే తిరగబడ్డాయి. ఇద్దరిలో ఎవరూ వాళ్ల వయసులో లేరు.

అందుకే 'సీతారామయ్యగారి మనవరాలు' (1991) నాకు ప్రత్యేకం. 'సిరివెన్నెల'లో (1986) చిన్నపిల్లగా చేసిన మీనాకి ఈ సినిమా విడుదలయ్యేనాటికి పదిహేను కూడా రాలేదు. లంగా ఓణీ వేశారు, నిజమే. మన దగ్గర పిల్లని రాత్రికి రాత్రి పెద్దదాన్ని చేసే యంత్రం అదే కదా. అయినా క్రాంతికుమార్ ఆమెని ఎవరికీ ప్రియురాలిగా ముందు పెట్టలేదు, మనవరాలిగా పెట్టారు. తండ్రి పోయిన సంగతి కడుపులో దాచుకుని తాతగారింట్లో నవ్వుతూ తిరిగే పిల్ల అది. నవ్వితే పాప, నవ్వాపితే పెద్ద మనిషి. ఆ ఇటూ అటూ కాని మొహమే ఆ పాత్రకి కావాల్సింది. పాతికేళ్ల నటి చేసుంటే అది నటనలా ఉండేది. మరుసటేడే 'చంటి'. ఇక మళ్లీ ఆ మొహం కనిపించలేదు.

మగపిల్లలకి విరామం దొరుకుతుందని అంటాం, అదీ అందరికీ కాదు. మహేష్ 1990లో 'బాలచంద్రుడు' చేసి, మళ్లీ 1999లో 'రాజకుమారుడు'గా వచ్చాడు. మధ్యలో తొమ్మిదేళ్లు చదువు. మొటిమలు, గొంతు మార్పు, పెరుగుదల అన్నీ తెర వెనకే జరిగిపోయాయి. తొమ్మిదేళ్లు ఆగగలగడానికి ఇంట్లో ఒక కృష్ణ ఉండాలి. హరీష్ అలా ఆగలేదు. ఇ.వి.వి. తీసిన 'ప్రేమఖైదీ' నాటికి అతనికి పదిహేనేళ్లు. ఆ సినిమా ఇప్పుడు చూస్తే ప్రేమ పాటల్లో అతని భుజాలు ఇంకా స్కూలు బ్యాగు అలవాటు పోనట్టే ఉంటాయి.

ఇక మా రాజమండ్రి అలీ. ఈయన గురించి రాయడానికే ఇంత దూరం వచ్చాను. దర్జీ కొడుకు. 1981లో 'సీతాకోకచిలక'లో హీరో వెంట తిరిగే బుడతడు. అక్కడ నవ్వెందుకొస్తుందంటే, పిల్లాడు పెద్దవాళ్ల మాటలు మాట్లాడతాడు. 1993లో 'రాజేంద్రుడు గజేంద్రుడు'లో నవ్వు తిరగబడింది. ఈసారి పెద్దవాడు పిల్లాడి మొహంతో అర్థం లేని మాటలు మాట్లాడతాడు. పన్నెండేళ్లలో మనిషి పెరిగాడు కానీ జోకు అదే, చొక్కా తిరగేసి తొడిగినట్టు. ఆ మొహం మారకపోవడమే ఆయన అదృష్టమూ చిక్కూ కూడా. మారుంటే అవకాశాలు పోయేవేమో. మారలేదు కాబట్టి పరిశ్రమ ఆయన్ని పెద్దవాడిగా ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు.

ఒక్క ఎస్.వి. కృష్ణారెడ్డి తప్ప. ఆయనదీ తూర్పు గోదావరే. 'యమలీల'లో (1994) ఆయన అలీకి హీరోయిన్ కన్నా ముందు అమ్మనిచ్చాడు. హీరోకి ఉండాల్సిన ఎత్తూ భుజాలూ లేవు కాబట్టి, మంజుభార్గవి పక్కన నిలబెట్టాడు. ఆమె పొడగరి, పక్కన పాతికేళ్ల అలీ ఇంకా ఒళ్లో పెట్టుకోదగ్గ కొడుకులా ఉంటాడు. దాంతో దొంగతనాలు చేసి తల్లికి అబద్ధాలు చెప్పినా క్షమించేస్తాం. తల్లికి చావు దగ్గరపడిందని భవిష్యవాణి పుస్తకంలో చదివాక ఏడుస్తాడు చూడండి, మొహం పదేళ్లది, గొంతు పెద్దవాడిది. ఆ రెండూ అతకవు. అతకకపోవడమే అక్కడ పని చేసింది. చిన్నప్పుడు థియేటర్లో మా అమ్మ ఏడ్చింది యముడికీ పుస్తకానికీ కాదు, ఆ గొంతుకే అని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత ఏమైందో తెలిసిందే. 2006లో 'పోకిరి'లో ఇద్దరు పాత బాలనటులూ ఒకే సినిమాలో ఉన్నారు. తొమ్మిదేళ్లు దాక్కుని వచ్చిన మొహానికి సినిమా టైటిల్ దక్కింది, దాక్కోలేని మొహానికి బిచ్చగాళ్ల ట్రాక్ దక్కింది. (ఆ ట్రాక్‌లో బ్రహ్మానందం సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అందుకని మా ఆఫీసులో దాన్ని అందరూ కాస్త సొంత బాధలాగే చూస్తారు.) చిన్నప్పటి చనువునే నలభై దాటాక ఆడియో వేదికల మీద హీరోయిన్లతో చూపిస్తే విమర్శలొచ్చాయి, రావాల్సినవే. బుడతడు అంటే ముద్దు, అదే మాట మగాడంటే ముద్దు కాదు. అయితే నువ్వింకా బుడతడివే అని పాతికేళ్లు చప్పట్లు కొట్టి చెప్పింది మనమే.

పండగ అయిపోయిన రాత్రి మా మేనకోడలు బయటికొచ్చి నా ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది. ఈ వ్యాసం కోసమే 'సీతాకోకచిలక', 'యమలీల' ముక్కలు మార్చి మార్చి చూస్తున్నాను. కాసేపు చూసి అడిగింది: "మామయ్యా, దీనికీ దానికీ మధ్య ఈయన ఎక్కడున్నాడు?"

ఎక్కడో చిన్న చిన్న వేషాల్లో ఉంటాడన్నాను. "వెతుకుదామా?" అంది. ఎనభైల నాటి సినిమాలు ఒక్కోటీ పెట్టుకుని, గుంపులో నాలుగో వరసలోనో, టీ గ్లాసులు పట్టుకున్న చేతుల వెనకాలో పదహారేళ్ల మొహం కనపడుతుందేమోనని ఒంటిగంట దాకా ఆపి ఆపి చూశాం. నాకు నిద్రొచ్చింది. అది మాత్రం వీడియో ఆపి, దగ్గరికి జరిగి, మసగ్గా ఉన్న ఓ మొహం మీద వేలు పెట్టి అడుగుతోంది, "ఇతనేనా?"