రక్షణ, భద్రత: విద్యుత్ పరిభాషలో ఒక అర్థభేదం

విద్యుత్ రంగాన్ని గురించిన తెలుగు రచనల్లో 'రక్షణ', 'భద్రత' అనే పదాలను పర్యాయపదాలుగా వాడడం తరచూ కనిపిస్తుంది. సాధారణ వ్యవహారంలో ఇది దోషం కాదు. విద్యుత్ శాస్త్రంలో మాత్రం ఇవి రెండు వేర్వేరు భావనలు. ఫ్యూజు, రిలే, సర్క్యూట్ బ్రేకరు ప్రధానంగా కాపాడేది తీగను, మోటారును, ట్రాన్స్‌ఫార్మరును. మనిషి గుండె లయ తప్పడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్ల కరెంటు చాలు. 10 ఆంపియర్ల ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు. మనిషి కోసం అమర్చే లీకేజీ బ్రేకరు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లకు పనిచేస్తుంది. కనుక 'రక్షణ ఉంది' అనే వాక్యం ఎవరికి, దేనికి అన్నది చెప్పనంతవరకు అసంపూర్ణమే.

జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల రైసుమిల్లుల్లో, జిన్నింగు మిల్లుల్లో వినిపించే మాటను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. 'ఫీజు పోయింది', 'ఫీజు కొట్టేసింది' అంటారు. 'పోవడం' నష్టవాచకం. తన పని తాను సక్రమంగా చేసిన పరికరం ఈ వాక్యంలో చెడిపోయిన వస్తువైంది. చెడిపోయిందనుకున్నదానికి విరుగుడు లావు తీగ. ఆ తరువాత ఫీజు పోదు, మోటారు వైండింగు కాలుతుంది. ఇక్కడ తప్పును కార్మికుని అజ్ఞానానికే అంటగట్టడం తొందరపాటు. పత్రికాభాషదీ ఇదే దారి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో 9 మంది మరణించారు. తొలి వార్తల్లో వినిపించిన మాట 'షార్ట్ సర్క్యూట్'. షార్ట్ సర్క్యూట్ ఏర్పడడం ఒక సంగతి. దానిని సెకనులో స్వల్ప భాగంలోనే వేరుచేయవలసిన వ్యవస్థ పనిచేసిందా అన్నది మరొక సంగతి. 'షార్ట్ సర్క్యూట్ వల్ల అగ్నిప్రమాదం' అనే అలవాటు వాక్యం రెండో ప్రశ్నకు చోటివ్వదు.

భూపాలపల్లి జిల్లా చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. సమీపంలోనే సింగరేణి గనులున్నాయి. 250 వోల్టులు దాటిన చోట ప్రమాద హెచ్చరిక పలక మీద జిల్లా స్థానిక భాష ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనలు చెప్పాయి (వీటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి). విద్యుత్ కేంద్రాల్లో, గనుల్లో షాక్ తగిలినవారికి చేయవలసిన చికిత్స సూచనలకూ అదే నియమం. అంటే ప్రమాదానికి ముందు ఒక పలక, తరువాత ఒక పలక తెలుగులో ఉంటాయి. ఆ రెంటి నడుమ జరిగే పనికి మన పరిభాష ఏమిచ్చింది?

అక్కడ కార్మికులే రెండు మాటలు స్థిరపరచుకున్నారు. 'లైను ట్రిప్ అయింది' అన్నప్పుడు మనిషి ప్రసక్తి లేదు. ట్రిప్ అయిన లైను ఆటో రీక్లోజింగు ఉన్నచోట క్షణాల్లో తిరిగి చార్జి కావచ్చు. 'ఎల్‌సీ తీసుకున్నాడు' అన్నప్పుడు కర్త మనిషి. తీసుకున్నవాడు తిరిగి ఇచ్చేదాకా లైను చార్జి చేయరాదు. మొదటిది పరికర రక్షణ, రెండవది మానవ భద్రత. మన పరిభాష కలిపివేసిన భేదాన్ని లైన్‌మన్ క్రియాపదం నిలబెట్టింది. దీనికి సంస్కృత సమాసం వెతకడం అనవసరమని నా అభిప్రాయం. విద్యుత్ పదకోశంలో 'ఎల్‌సీ' ఆరోపం కావాలి, 'తీసుకొను', 'తిరిగి ఇచ్చు' అనే రెండు క్రియలతో సహా.