పీచ్ గోడ పలికే ధ్వని

పీచ్ రంగు వేసిన గదిలోకి వచ్చినవాళ్లు ముందుగా గోడను మెచ్చుకోరు. "ఇక్కడ కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు" అంటారు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి "ఇవాళ ముఖం కళగా ఉందే" అంటారు. గోడకు రావాల్సిన మెప్పు మనిషికీ, గదికీ, ఆ పూటకూ వెళ్లిపోతుంది. ఈ రంగంటే నాకు ఇంత ఇష్టం అందుకే.

9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో ఒక మాట చెప్పాడు. స్త్రీలలో లావణ్యం అవయవాలకు మించి వేరుగా భాసించినట్టే, మహాకవుల వాక్కులో వాచ్యార్థానికి మించిన ప్రతీయమానార్థం ఒకటి భాసిస్తుందన్నాడు. పీచ్ గోడకు ఈ మాట అక్షరాలా సరిపోతుంది. గోడమీది పూత వాచ్యం. గది నిండా పరుచుకున్న వెచ్చదనం వ్యంగ్యం, అంటే సూచనగా తోచే ఆ ప్రతీయమానార్థం. ముదురు ఎరుపు, గాఢమైన నీలం తమ అర్థాన్ని గోడమీదే పూర్తిగా చెప్పేస్తాయి. పీచ్ సగమే చెప్పి, తక్కినది వెలుగుకు వదిలేస్తుంది.

ఆ పని ఎలా జరుగుతుందో గమనించడం కూడా ఒక రసానుభవమే. కిటికీలోంచి వచ్చిన వెలుగు గోడను తాకగానే అందులోని నీలాన్ని పూత కొంత మింగేస్తుంది, ఎరుపునూ పసుపునూ తిప్పి పంపుతుంది. అలా తిరిగొచ్చిన వెలుగు ఎదుటి గోడను తాకుతుంది. అక్కడా అదే జరుగుతుంది. గోడ నుంచి గోడకు తిరిగిన కొద్దీ రంగు చిక్కబడుతుంది. అందుకే ఒకే డబ్బాలోని రంగు కిటికీ పక్కన దాదాపు తెలుపులా, గోడ మధ్యలో లేత కనకాంబరంలా, రెండు గోడలు కలిసే మూలలో పండిన నారింజ ఛాయతో కనిపిస్తుంది. పెయింటర్ వేసింది ఒకటే రంగు. మనం చూసేది రంగుల ఆరోహణ.

పూట మారితే ఈ రాగం కూడా మారుతుంది. మిట్టమధ్యాహ్నం తెల్లటి ఎండలో పీచ్ వెనక్కి తగ్గి, గోడ ఉందా లేదా అన్నట్టు ఊరుకుంటుంది. సాయంత్రం సూర్యుడు దిగేటప్పుడు కిరణాలు గాలి పొరల్లో ఎక్కువ దూరం ప్రయాణించాలి. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. పడమటి కిటికీలోంచి ఆ ఎరుపు లోపలికి వచ్చే అరగంటలో పీచ్ గది తన పూర్తి గొంతుతో పాడుతుంది. ఉత్తరపు గది కథ వేరు. ఏడాదిలో చాలా నెలలు అక్కడికి నేరుగా ఎండ రాదు, ఆకాశపు నీలి వెలుగే దిక్కు. తెల్ల సున్నం వేస్తే ఆ గది పాలిపోయినట్టు ఉంటుంది. పీచ్ వేస్తే, ఆ వెలుగులో కొరవడిన వెచ్చదనాన్ని గోడే తెచ్చి ఇస్తుంది.

అన్నిటికంటే నన్ను ముగ్ధుణ్ణి చేసేది ముఖాల మీద ఇది చేసే పని. ఏ ఛాయ మనిషి చర్మమైనా నీలం కన్నా ఎరుపునే ఎక్కువగా తిప్పి పంపుతుంది. ఆకుపచ్చ గోడల గదిలో కళ్ల కింద, గడ్డం కింద పడే నీడల్లోకి పచ్చదనం చేరి, మనిషి నీరసంగా ఉన్నట్టు తోస్తుంది. పీచ్ గదిలో అవే నీడలు లోపలి నుంచి వెలిగినట్టుంటాయి. చామనఛాయ ముఖాలమీద ఈ వెలుగు పడితే కలిగే నిండుదనాన్ని ఏ అలంకారమూ తేలేదు. ఈ రంగు రసమేదని అడిగితే వాత్సల్యం అంటాను. అందుకే దీని చోటు మనుషులు ఎదురెదురుగా కూర్చునే గదుల్లో: భోజనాల గదిలో, హాల్లో, పెద్దవాళ్లు పడుకునే గదిలో.

ఇంత సౌమ్యమైన రంగుకు తోడు కూడా చూసి ఎంచాలి. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకాల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్, పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. నలుపు దారాలు వెలవెలబోతున్నాయన్న ఫిర్యాదుకు కారణం అద్దకం కాదు, పక్కనున్న రంగులేనని తేల్చాడు. పీచ్‌కు ఎదుటి రంగు బూడిద కలిసిన నీలం. తాండూరు నీలి బండలు పరిచిన ఇళ్లలో అది ముందే కాళ్ల కింద ఉంది! ఆ బండల మీద లేచిన పీచ్ గోడ ఇంకాస్త వెచ్చగా, గోడ పక్కన బండ ఇంకాస్త చల్లగా అనిపిస్తాయి. కడప నల్లరాయి అయితే ఆ వెచ్చదనానికి గట్టి అంచు దొరుకుతుంది. టేకు తలుపు, ఇత్తడి కుంది, ఒక కుండీలో పచ్చటి ఆకులు, నీలిమందు ఛాయలున్న శ్రీకాళహస్తి కలంకారీ ఒకటి చాలు. ఎర్ర శాటిన్ తెరలూ, నిమ్మపసుపు దిండ్లూ దాని గొంతు నొక్కేస్తాయి.

రాత్రి దీపాల విషయంలో రాజీ పనికిరాదు. 6500 కెల్విన్ల ట్యూబ్‌లైట్ కింద పీచ్ కళ తప్పుతుంది. 2700 నుంచి 3000 కెల్విన్ల వెచ్చటి బల్బు పెడితే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. పూత మ్యాట్ కావాలి. నిగనిగలాడే పూత మీద బల్బు తెల్లటి మచ్చగా మెరుస్తుంది, ఆ మెరుపులో గోడ రంగు ఉండదు. మ్యాట్ పూత వెలుగును నాలుగు వైపులకూ మెత్తగా పంచిపెడుతుంది. లప్పం పెట్టి నున్నగా రుద్దిన గోడమీద అది మరీ అందం. సీలింగుకు మాత్రం కాస్త మీగడ ఛాయ ఉన్న తెలుపు ఉండాలి.

పాంటోన్ సంస్థ 2024 సంవత్సరపు రంగుగా 'పీచ్ ఫజ్'ను ఎంచింది. ఏటి రంగులు ఏటితో పోతాయి. ఈ రంగు మటుకు పోదు, ఎందుకంటే దీని వేరు మట్టిలో ఉంది. సున్నంలో కాస్త జాజు, కాస్త పచ్చమట్టి కలిపి చూడండి, తేలేది ఇదే కుటుంబం. ఆ రెండు మట్టులకూ రంగునిచ్చేవి ఇనుప ఆక్సైడ్లు, ఎండకు తేలిగ్గా వెలిసిపోనివి.

చప్పగా ఉంటుందని దీన్ని పక్కన పెట్టేవాళ్లు షేడ్ కార్డు చూసి తీర్పు చెబుతున్నారు. చేతిలోని కాగితం ముక్కకు ఎదుటి గోడ లేదు, మూల లేదు, సాయంత్రం లేదు. అలాగని ముదురు ఛాయకు పోతే గది బరువెక్కుతుంది. మీకు నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకుని, ఒక మూలకు రెండు పక్కలా వేయించి, ఒక రోజంతా చూడండి. తక్కువైన ఆ మెట్టును వెలుగే ఎక్కిస్తుంది.