ఖాళీ వదలని అంచు

మా నాన్న దస్తావేజులు రాసేవారు. వాక్యం పంక్తి మధ్యలో ముగిసిపోతే, చివరిదాకా అడ్డగీత లాగేసేవారు. తర్వాత ఎవరూ అక్కడ ఒక్క సున్నా కూడా ఇరికించకూడదు కదా. ఈమధ్య ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్లో పెట్టిన కెతుబాలు చూస్తుంటే ఆ గీతే గుర్తొచ్చింది.

కెతుబా అంటే హీబ్రూలో 'రాసినది'. యూదుల పెళ్లి పత్రం అది. రాత అరామిక్‌లో ఉంటుంది. భార్యకు తిండి, బట్ట సమకూర్చడం భర్త బాధ్యత. విడాకులిచ్చినా, తాను ముందుగా కన్నుమూసినా ఆమెకు ముట్టాల్సిన సొమ్ము ఎంతో కూడా అందులోనే ఉంటుంది. మొదటిసారి పెళ్లాడే వధువుకు కనీసం 200 జూజ్‌లు (పాతకాలపు వెండి నాణేలు), ఆపైన ఇరువైపులా మాట్లాడుకున్నంత. ఆ బాకీకి అతని ఆస్తంతా పూచీ, భుజం మీది వస్త్రంతో సహా! ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పత్రం ఉండేదీ ఆమె తరఫునే.

ఇంత గట్టి లెక్కల కాగితానికి పూలతీగలు, పిట్టలు, జంట స్తంభాల కమానులు ఎందుకు? మయోర్కాలో పుట్టి అల్జీర్స్‌లో స్థిరపడిన రబ్బీ షిమోన్ బెన్ త్సెమహ్ దురాన్ (1361–1444) చెప్పిన కారణం నన్ను కట్టిపడేసింది. చుట్టూ ఖాళీ ఉంటే ఎవరైనా కొత్త షరతు చేర్చేయవచ్చు. అందుకే అంచులను శ్లోకాలతో, అలంకారాలతో నింపాలి. ఆ లతలన్నీ ఒక ఆడదాని సొమ్ముకు కట్టిన కంచె అన్నమాట. అందానికి ఇంతకంటే మంచి పని నాకు తోచదు.

1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన యూదులు, అంటే సెఫార్దీలు, ఈ అలవాటును వెనిస్‌కు, ఇస్తాంబుల్‌కు, మొరాకోకు, ఆమ్‌స్టర్‌డామ్‌కు మోసుకెళ్లారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అంచును రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి, మధ్యలో చేత్తో రాసేవారు. జిబ్రాల్టర్ కెతుబాల మీద కిరీటం కనిపిస్తుంది. ఇటలీలో రాశిచక్రాలు, వంశచిహ్నాలు. అక్కడ అలంకరణలో పోటీ ఎంత ముదిరిందంటే, కొన్నిచోట్ల యూదు సంఘాలే కెతుబా ఖర్చుకు హద్దు పెట్టాల్సొచ్చింది. మన కోల్‌కతా, ముంబైలలో స్థిరపడ్డ బాగ్దాదీ యూదుల పత్రాల్లో జంట చేపలు ఈదుతాయి.

నా కళ్లు మాత్రం రంగుల మీంచి మళ్లీ మళ్లీ రాతకే జారేవి. చాలా సెఫార్దీ పత్రాల్లో ఆమె ఒప్పుకోనిదే మరో పెళ్లి చేసుకోనని వరుడి మాట ఉంటుంది.

కెతుబా పోతే, కొత్తది రాయించుకునేదాకా ఆ దంపతులు కలిసి కాపురం చేయకూడదు. కొత్తదానికి పూలు లేకపోయినా, పిట్టలు లేకపోయినా చెల్లుతుంది. ఆమెకు రావాల్సిన మొత్తం, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి.